ఐదో నంబరు మీద మంచు

దయ్యం పట్టిందని చెప్పి పనికి ఎగనామం పెట్టినవాళ్ళను నేను చాలామందిని చూశాను. నిజంగా పట్టినవాళ్ళను ఒక్కరినీ చూడలేదు. మా బస్తీలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు అన్నం తిన్నారా లేదా అని అడిగేదాన్ని. ఇప్పుడూ అదే అడుగుతాను. నాకు అరవై ఎనిమిదేళ్ళు. తెల్లవారకముందే ఒక్కదాన్నే నడిచి పనికి పోయినదాన్ని. ఆ చీకట్లో నాకు ఎదురైనవన్నీ కుక్కలే.

అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్ళు వెనకాడాను. చదువు లేని మనిషి ఏదో ఊహించుకుందని అంటారు. చదువు ఆలస్యంగా వచ్చిన మాట నిజమే. యాభై దాటాక, యూనివర్సిటీ పిల్లలు సాయంత్రాలు నడిపిన బడిలో అక్షరాలు దిద్దాను. కానీ కళ్ళు మొదటినుంచీ బాగానే ఉన్నాయి.

ఇరవై ఆరేళ్ళు నేను గోల్ఫు మైదానంలో గడ్డి పని చేశాను. తార్నాక చౌరస్తా నుంచి లోపలికి పోతే, యూనివర్సిటీ స్థలంలో ఒక మూలకు తొమ్మిది గుంతల చిన్న మైదానం. మెట్టుగూడలో మా ఇంటి నుంచి నడిచి పోయేదాన్ని. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసినవాళ్ళు వచ్చి, ఒక చిన్న బంతిని ఒక చిన్న గుంతలో వేయలేక ఎండలో తిప్పలు పడేవాళ్ళు. ఆ ఆట నాకు ఈనాటికీ అర్థం కాలేదు. గడ్డి మాత్రం అర్థమైంది.

ఒక్కో గుంత చుట్టూ గుండ్రంగా, గచ్చులాగా నున్నగా కత్తిరించిన గడ్డి ఉంటుంది. దాన్ని గ్రీను అంటారు. అదేదో విదేశీ గడ్డి అనుకోకండి. బెర్ముడా అని పేరు పెట్టారు గానీ, వినాయకుడి ముందు పెట్టే మన గరికకు దగ్గరి చుట్టమే. పొలంలో మొలిస్తే పీకి గట్టు మీద పారేస్తాం. ఇక్కడ మాత్రం దానికి ఎరువు, మందు, మిషను, కలుపు తీయడానికి ఆరుగురు ఆడవాళ్ళు, అందరి మీదా సాయన్న.

సాయన్న మా పెద్ద మాలి. నాకంటే పదేళ్ళు పెద్ద. నన్ను చెల్లె అనేవాడు. తిట్టినా చెల్లె అనే తిట్టేవాడు. గ్రీను మీదికి చెప్పులతో ఎక్కేవాడు కాదు. పొద్దున్నే ఉత్త కాళ్ళతో నడిచి, ఎక్కడ తడి ఎక్కువైందో, ఎక్కడ నేల బిగుసుకుందో చెప్పేవాడు. ఐదో నంబరు గ్రీను అంటే ఆయనకు ప్రాణం. అది పల్లంలో ఉంటుంది, పక్కన కాలువ, పైన చింతచెట్ల నీడ. పెంచడం కష్టం. వయసులో ఉన్నప్పుడు ఆయనే ఒక్కో గరిక తీగ గుచ్చి దాన్ని పెంచాడట. నా చిన్న బిడ్డ అనేవాడు.

వానలు తగ్గి, పగలు ఎండ, రాత్రి చలి మొదలైన రోజుల్లో గ్రీనుకు గండం. రాత్రంతా ఆకు మీద మంచు నిలుస్తుంది. ఆ తడిలో బూజు పుడుతుంది. తెల్లవారి చూస్తే గడ్డి మీద సాలెగూడు లాంటి తెల్లని నూలు, ఎండ వచ్చేసరికి దాని కింద రూపాయి బిళ్ళంత ఎండు మచ్చ. ఇవాళ నాలుగు మచ్చలుంటే వారం తిరిగేసరికి అన్నీ కలిసిపోయి చాపంత అవుతాయి. మేము దాన్ని రూపాయి తెగులు అనేవాళ్ళం. మందు ఉంది గానీ, మందు కంటే ముందు చేయాల్సిన పని మంచు కొట్టడం.

పన్నెండు అడుగుల సన్నని వెదురు. సూర్యుడు రాకముందే దాన్ని గడ్డి మీద ఆనించి, అటూ ఇటూ ఊపుతూ పోవాలి. మంచు రాలిపోతుంది, ఆకు తొందరగా ఆరుతుంది. మంచు ఉన్నచోట గడ్డి తెల్లగా, కొట్టినచోట ముదురు పచ్చగా కనిపిస్తుంది. అందుకే ఎవరు కొట్టారో చారలు చూసి చెప్పవచ్చు. ఎవరైనా అంచు నుంచి మొదలుపెట్టి లోపలికి పోతారు, నేనూ అంతే. సాయన్న ముందు నడుచుకుంటూ గుంత దగ్గరికి పోయి, అక్కడినుంచి బయటికి తిరుగుతూ వచ్చేవాడు. ఆయనది ఎడమచేతి వాటం కాబట్టి చుట్టలు కూడా ఎడమకే తిరిగేవి. లోపలికి పోయిన తన అడుగులను కూడా వెదురుతోనే తుడిచేసి బయటపడేవాడు. కలుపు తీసేవాళ్ళు దాన్ని చూసి నవ్వేవాళ్ళు.

"సాయన్న జిలేబి పోసిండు. ఇగ పాకంల ముంచుడే తక్కువ."

రెండో కట్టుబాటు నీళ్ళది. పొద్దున నాలుగు గంటలకు, హాస్టళ్ళు లేచి నల్లాలు తిప్పకముందే, మైదానానికి నీళ్ళు పెట్టేయాలి. అప్పుడైతే ఎండకు ఆరిపోతుంది. సాయంత్రం పెడితే ఆకు రాత్రంతా తడిగానే ఉంటుంది. నేను కొత్తలో ఒకసారి సాయంత్రం పైపు పట్టుకుంటే సాయన్న వచ్చి లాక్కున్నాడు.

"పసిపిల్లను తడి బట్టల మీద పండవెడ్తమా చెల్లె? గడ్డిని ఎట్ల పండవెడ్తవ్ మరి?"

కొన్నేళ్ళ కిందట, దసరా అయిపోయిన వారానికి, సాయన్న మిషను షెడ్డులో పడిపోయాడు. పక్షవాతం. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పూర్తిగా పోయాయి. నోరు వంకర తిరిగింది. ఆసుపత్రిలో చేర్చాము. ఆయన భార్య నర్సమ్మ వదిన రాత్రీ పగలూ అక్కడే ఉంది. ఆయన బయటి తిండి ముట్టడు. తెల్లవారగానే ఇంత జొన్న జావ పడితే గానీ మాట్లాడడు. ఆ జావ కాచి తీసుకుపోయే పని నాది.

ఇక్కడే నేను తప్పు చేశాను. కలుపు తీసేవాళ్ళు ఏడింటికి గానీ రారు. నాలుగింటికి నీళ్ళు పెట్టి, తొమ్మిది గ్రీన్ల మంచు కొట్టి, ఆరింటికి జావతో ఆసుపత్రిలో ఉండడం ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. అందుకని సాయంత్రమే నీళ్ళు పెట్టి ఇంటికి పోయేదాన్ని. నాలుగు రోజులకు ఏం కాదులే అనుకున్నాను. నాలుగు రోజులు పది రోజులయ్యాయి. మంచు కొట్టడమూ మానేశాను. జావ తాగించి నేను మైదానానికి వచ్చేసరికి ఎండ ఎక్కేది.

పదకొండో రోజు ఐదో నంబరు మీద మచ్చలు. రెండు రోజుల్లో మచ్చలు కలిసిపోయాయి. సగం గ్రీను గడ్డివాము రంగుకు తిరిగింది.

మా సూపర్‌వైజర్ సారు గుంటూరు వైపు పిల్లవాడు. వ్యవసాయం చదువుకొని వచ్చాడు, మంచివాడు. మందు కొట్టించాడు. మిగతా గ్రీన్ల మీద చిన్న చిన్న మచ్చలు ఆగాయి గానీ ఐదో నంబరు మీద ఆగలేదు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచాడు.

"బాలమ్మగారూ, నేనేం చేయనండి. కార్తీకం వెళ్ళేలోపు పైవాళ్ళు చూడటానికొస్తారు. ఇది ఇలాగే ఉంటే తవ్వించేసి ప్లాస్టిక్ గడ్డి పరిచేస్తారంట. ఆ గడ్డి రోల్‌కి బేరం కూడా మాట్లాడేశారు."

"సాయన్న పానం పోతది సార్."

"ఆయనకు చెప్పకండి మరి."

నేను చెప్పలేదు. అంతకంటే ఎక్కువే చేశాను, అబద్ధం చెప్పాను. రోజూ జావ గిన్నె మూత తీయగానే సాయన్న వంకర నోటితో ఒకే మాట అడిగేవాడు.

"ఐదో నంబరు ఎట్లున్నది?"

"పెండ్లి పిల్ల లెక్కున్నది. నువ్వు జావ తాగు."

నా ముఖంలోకి చూసి తాగేవాడు. నేను గిన్నె వైపు చూసేదాన్ని.

ఇక వదినతో మాట్లాడి, జావ ఎనిమిదింటికి తెస్తానని ఒప్పించాను. మరుసటి రోజు నుంచి పాత పద్ధతే అనుకున్నాను. నాలుగింటికి మైదానం చేరి, పై గట్టు మీది గ్రీన్లకు నీళ్ళు పెట్టాను. పల్లంలో ఉన్నది కాబట్టి ఐదో నంబరును ఎండగట్టాలని దానికి నీళ్ళు ఆపాను. ఐదున్నరకు వెదురు భుజాన వేసుకొని ముందు దాని దగ్గరికే పోయాను. వెలుతురు అప్పుడప్పుడే వస్తున్నది.

ఎవరో కొట్టేసి ఉన్నారు.

గ్రీను మొత్తం ముదురు పచ్చ, మధ్యమధ్యన ఎండు మచ్చలు. మంచు చుక్క లేదు. సారు ఎవరినో పెట్టాడనుకొని, నేరుగా గ్రీను మీదికి నడిచాను. గుంత దగ్గరికి పోయాక చారలు చూశాను. గుంత దగ్గర మొదలై, ఎడమకు తిరుగుతూ బయటికి పోయాయి. చుట్ట మీద చుట్ట.

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. పరాచికాలాడుతున్నారనుకున్నాను. గేటు కాపలా ఖాజా భాయ్ దగ్గరికి పోయి, లోపలికి ఎవరిని వదిలావని గట్టిగా అడిగాను.

"అరె బాలక్కా, తాళం నా జేబుల ఉన్నది. నువ్వొస్తేనే తీసిన. పొద్దుపొద్దుగాల గడ్డి ఊడ్వనీకి ఎవడొస్తడు, దిమాక్ ఖరాబైనోడా?"

నన్ను కూడా కలిపే అన్నాడు.

రెండో రోజు మళ్ళీ అంతే. ఈసారి గ్రీను మీదికి పోకుండా చుట్టూ తిరిగి చూశాను. గ్రీను చుట్టూ వేలెడు ఎత్తు గడ్డి నాలుగు బారల వెడల్పున ఒక పట్టీలాగా ఉంటుంది. దాని మీద మంచు పాలు ఒలికినట్టు తెల్లగా ఉంది. కోడిపిల్ల నడిచినా గీత పడేది. ఎక్కడా ఒక్క అడుగు లేదు. లోపల మాత్రం మంచు లేదు. మంచు కొట్టిన మనిషి పట్టీ దాటి లోపలికి పోవాలి, దాటి బయటికి రావాలి. గాలిలో దూకినా అంత వెడల్పు దూకలేడు.

నాకు ఒక నోటు బుక్కు ఉండేది. ఏ రోజు ఏ గ్రీనుకు ఏం చేశామో పెద్ద పెద్ద అక్షరాలతో రాసేదాన్ని. ఆ రోజు రాసింది ఇప్పటికీ నా దగ్గర ఉన్నది. "అయిదు. మంచు లేదు. అడుగు లేదు. నేను కాదు." అంతే రాశాను. ఇంకేం రాయాలో తెలియలేదు.

మూడో రోజు సారును రమ్మన్నాను. చలికి చెవులకు మఫ్లర్ కట్టుకొని వచ్చాడు. పట్టీ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ముందు చింతచెట్ల నీడకు మంచు పడి ఉండదన్నాడు. చారలు చూపించాను. గాలి అన్నాడు. గాలి గుంత దగ్గర మొదలుపెట్టి గుండ్రంగా తిరుగుతుందా సార్ అన్నాను. మూడోసారి పట్టీ చుట్టూ తిరిగి వచ్చాడు.

"బాలమ్మగారూ, ఇది సాయన్న చెయ్యి కదండీ."

"ఆ చెయ్యి లేస్తలేదు సార్. నిన్న నేనే చూసిన."

"అయితే ఎవరికీ చెప్పకండి. మిమ్మల్ని ఏమనరు గానీ, నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు."

సాయన్న బతికే ఉన్నాడు, మంచం మీద జావ తాగుతున్నాడు. చనిపోయిన మనిషైతే జనం ఏదో ఒక పేరు పెడతారు. బతికున్న మనిషికి ఏం పేరు పెట్టాలి? నేను ఆ ఆలోచనను అక్కడికే ఆపి పనిలో పడ్డాను. ఐదో నంబరు పోగా ఇంకా ఎనిమిది గ్రీన్లు నా నెత్తిన ఉన్నాయి.

ఆ తర్వాత ఒకరోజు కావాలనే ఇంకా ముందు వచ్చాను. టార్చి వేసి చూస్తే ఐదో నంబరు నిండా మంచు తెల్లగా ఉంది. అమ్మయ్య అనుకున్నాను, నిజం చెబుతున్నాను, కొంచెం దిగులు కూడా వేసింది. పక్కనే ఉన్న నాలుగో నంబరు ముందు కొట్టి, తిరిగి వచ్చి దీన్ని కొడదామని పోయాను. రెండింటికీ మధ్య నాలుగు చెట్లు అంతే. సగం కొట్టానో లేదో, అటునుంచి వెదురు చప్పుడు వినిపించింది. గడ్డి మీద వెదురు ఊపితే సుయ్యిమని ఒక చప్పుడు వస్తుంది. పదేళ్ళు పక్కపక్కన పనిచేస్తే ఎవరి చప్పుడు ఏదో తెలుస్తుంది. సాయన్నది రెండు ఊపులకు ఒకసారి ఆగుతుంది. ఆయన నడుము నొప్పి అలాంటిది.

నేను నా వెదురు ఆపాను. అది ఆగలేదు. నిలబడి విన్నాను. పిలవలేదు. పని చేసేటప్పుడు పిలిస్తే ఆయనకు నచ్చదు.

చప్పుడు ఆగాక పోయి చూశాను. అయిపోయింది. పట్టీ మీద ఇందాక నేను టార్చి వేసినప్పుడు తొక్కిన అడుగులే ఉన్నాయి.

ఆ రోజు ఎనిమిదింటికి జావ తీసుకొని పోయాను. నేనేమీ అనకముందే నర్సమ్మ వదిన నన్ను వరండాలోకి పిలిచింది.

"బాలమ్మా, ఈయన కాళ్ళు ఏందో, పొద్దుగాల లేచి చూస్తే తడి తడిగ ఉంటున్నయి. చీలమండల దాకనే. దుప్పటి కప్పుతనే ఉన్న. మంచుగడ్డ లెక్క. తుడిచి తుడిచి నాకు యాష్టకొస్తున్నది."

"డాక్టరుకు చెప్పినవా?"

"చెప్పిన. చెమట అన్నడు. చెమట చల్లగుంటదా?"

ఎన్ని రోజులనుంచి అని అడిగాను. వారం లోపే అంది. లెక్క వేసుకున్నాను గానీ వదినతో అనలేదు. ఆమెకు అప్పటికే నిద్ర లేక కళ్ళు గుంటలు పడ్డాయి.

ఐదో నంబరు కోలుకోవడం మొదలైంది. ఇందులో మాయ ఏమీ లేదు. నీళ్ళు ఆపాము, ఆకు ఆరింది, సారు మిషను బ్లేడు నూరించాడు, పలచగా ఎరువు, పైన జల్లెడ పట్టిన ఇసుక. మచ్చల అంచుల నుంచి తీగలు లోపలికి పాకాయి. గరికకు చోటు దొరికితే చాలు. కానీ తెల్లవారకముందు ఆ మంచు రాలకపోతే ఇవేవీ పనిచేసేవి కావు. ఇది నేను ఎవరితోనైనా వాదిస్తాను.

కార్తీకం చివరి వారంలో పైవాళ్ళు వచ్చారు. నలుగురు. ఐదో నంబరు మీద నిలబడి ఒకాయన బూటుతో గడ్డిని నొక్కి చూశాడు. ఇంకొకాయన చాయ్ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. ప్లాస్టిక్ గడ్డి మాట ఎవరూ ఎత్తలేదు. వాళ్ళు పోయాక సారు మఫ్లర్ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి పోయాను. సాయన్న కిటికీ వైపు తిరిగి పడుకొని ఉన్నాడు. వదిన కిందికి మందుల కోసం పోయింది. ఇక దాచడం నావల్ల కాలేదు. సాయంత్రం నీళ్ళు పెట్టింది నేనే అని, ఐదో నంబరు సగం పోయిందని, దాన్ని తవ్వించబోయారని, రోజూ నీతో అబద్ధమే చెప్పానని, ఒక్క గుక్కలో చెప్పేశాను. మంచు సంగతి మాత్రం చెప్పలేదు. ఎలా చెప్పాలి?

ఆయన తిట్టలేదు. కుడి చేయి చాచి నా మణికట్టు పట్టుకున్నాడు. మాట తడబడుతూ వచ్చింది గానీ నాకు అర్థమైంది.

"నాకెర్కనే చెల్లె. నువ్వు జావ తెచ్చినవ్ గదా. మల్ల నీళ్ళు ఎప్పుడు పెడ్తవ్?"

నాకు ఏడుపు తొందరగా రాదు. ఆ రోజు వచ్చింది. ఆయన పని పురమాయించే గొంతుతోనే అన్నాడు.

"రేపటి సంది ఐదో నంబరు గూడ నువ్వే కొట్టు. నాతోని ఐతలేదు."

వదిన వచ్చింది. నేను గిన్నె తీసుకొని లేచాను. మెట్లు దిగేదాకా ఆ మాట నా వెంటే వచ్చింది. మంచు ఎవరు కొడుతున్నారని నేను ఆయనతో అననే లేదు. వదినతోనూ అనలేదు. సారు ఆసుపత్రి ముఖం చూడలేదు. ఖాజా భాయ్‌కి నేను గేటు దగ్గర అడిగిందే తెలుసు, ఆయన కూడా రాలేదు. సాయన్నకు ఏమైనా చెప్పారా అని తర్వాత ఒక్కొక్కరినీ అడిగాను. అందరూ లేదనే అన్నారు.

మరునాడు పొద్దున మంచు బాగా పడింది. నేను పోయేసరికి ఐదో నంబరు తెల్లగా, చెయ్యి పడకుండా ఉంది. వెలుతురు వచ్చేదాకా గట్టు మీద కూర్చున్నాను. చప్పుడు ఏమీ లేదు. చింతచెట్ల మీద కాకులు లేచాయి. ఇక పొద్దెక్కుతుందని చెప్పులు విడిచి, కొంగు బిగించి, నాకు వచ్చిన పద్ధతిలోనే అంచు నుంచి కొట్టాను. ఆ రోజు నుంచి ఒక్కరోజు కూడా నా కంటే ముందు ఎవరూ కొట్టలేదు. వదినను అడిగితే, కాళ్ళు పొడిగా వెచ్చగా ఉంటున్నాయంది.

సాయన్న ఇంటికి వచ్చాడు. ఇంకో ఏడాదిన్నర బతికాడు. చెయ్యి రాలేదు. ఒకసారి గోడకు ఆనుకొని కూర్చున్నప్పుడు, ఎవరూ లేకుండా చూసి, సూటిగా అడిగేశాను. మంచం మీద ఉన్నప్పుడు ఐదో నంబరుకు వచ్చేవాడివా అని.

"మిషను బ్లేడు నూరిచ్చినవా?" అన్నాడు.

నూరించానన్నాను. అలాగైతే సరే అని కళ్ళు మూసుకున్నాడు.

నేను పని మానేసి నాలుగేళ్ళవుతున్నది. సారు వేరే ఊరికి బదిలీ అయ్యాడు. ఎప్పుడైనా ఫోన్ చేస్తే అందరి క్షేమం అడుగుతాడు. మంచు మాట మాత్రం అతనూ ఎత్తడు, నేనూ ఎత్తను. అది ఎలా జరిగిందో అతని చదువుకు అందలేదు, నా అనుభవానికీ అందలేదు. నిద్రలో నడిచాడందామంటే కాలు లేదు. ఎవరో పరాచికమాడారందామంటే అడుగు లేదు. నాకే భ్రమ అందామంటే గడ్డి బతికింది.